ఆ పేరుగల పిల్ల ఈ ఇంట్లో లేదు

కూరలమ్మే మనిషి కింద వీధిలో నిలబడి తాడు లాగింది. నాలుగో అంతస్తు వరండా కమ్మికి కట్టిన చిన్న గంట మోగింది. రత్నం పొయ్యి తగ్గించి వచ్చి, తాడు పైకి లాగి కొసకు బుట్ట తగిలించి కిందికి వదిలింది. బుట్టలో రెండు గోంగూర కట్టలు, నాలుగు వంకాయలు పైకి వచ్చాయి. రంగూన్లో ఈ పజుండౌంగ్ పేట వీధుల్లో మెట్లు దిగలేని ముసలివాళ్ళందరికీ ఆ తాడే ఆధారం. భర్త అచ్చయ్య పోయిన ఈ నెల రోజుల్లో రత్నానికి వీధితో మిగిలిన చుట్టరికం కూడా అదే.

ఆయనుంటే గోంగూర చూసి ఒక మాట అనేవాడు. బర్మా వాళ్ళకీ మనకీ గోంగూర దగ్గర మాత్రం తగువు లేదని. ఆ మాట విని విని విసుక్కునేది రత్నం. ఇప్పుడు ఆకు తుంపుతూ, ఆయన కుర్చీ వైపు చూడకుండా, ఆ మాట తనే మనసులో అనుకుంది.

"మామ్మా, ఆకు తరవాత. ముందు పుస్తకం తియ్యి," అంటూ మనవరాలు ప్రమోద తల తుడుచుకుంటూ వచ్చి, గోడకెదురుగా బల్ల మీద నిటారుగా కూర్చుంది.

ప్రమోదకి ఇరవై ఒకటి. తల్లి చిన్నప్పుడే పోతే పెంచింది రత్నమే. నర్సింగు కాలేజీలో చేరిన ఏడాదికే ఊరూరా రోగం పాకి కాలేజీ మూసేశారు. రోగం తగ్గేలోగా సైన్యం దేశాన్ని చేతిలోకి తీసుకుంది, పాఠాలు చెప్పేవాళ్ళు సమ్మెలోకి వెళ్ళారు. ఇక ఆ తలుపు తెరుచుకోదని తేలాక, ఆ పిల్ల విశాఖపట్నంలో ఒక కాలేజీకి దరఖాస్తు పెట్టింది. ఫిజీషియన్ అసిస్టెంట్ చదువట. డాక్టరు పక్కనుండి, రోగిని చూసి, పరీక్షించి, డాక్టరు చెప్పిన వైద్యం తన చేత్తో చేసే మనిషి. శనివారం పదకొండింటికి ఇంటర్వ్యూ. ఫోన్లలో ఇంటర్నెట్టు ఆపేసి నెలలవుతోంది కాబట్టి బోటాటౌంగ్‌లో స్నేహితురాలు సూసూ ఇంటికి వెళ్ళాలి. వాళ్ళింట్లో తీగ మీద వచ్చే నెట్టుంది.

రత్నానికి ఇంగ్లీషు రాదు. ప్రమోదకి తెలుగు చదవడం రాదు. అందుకని ప్రమోద ఒక్కో ప్రశ్నా చెబితే, రత్నం ఆ ఇంగ్లీషుని తెలుగక్షరాల్లో రాసుకుంది. రోజూ ఇద్దరికీ ఇదే పని.

"వై డు యు వాంట్ టు బి ఎ ఫిజీషియన్ అసిస్టెంట్," రత్నం కళ్ళజోడు సర్దుకుని, తీర్పు చదువుతున్నట్టు చదివింది. "నాట్ ఎ డాక్టర్."

"నవ్వకూడదు మామ్మా. ఆళ్ళు నవ్వరు."

"నానెక్కడ నవ్వినాను? నువ్వే నవ్వుతున్నావు. మూతి సరిగ్గా ఎట్టుకోని సెప్పు."

ప్రమోద గోడ మీది మేకుని చూస్తూ చాలాసేపు ఇంగ్లీషులో చెప్పింది. అందులో రత్నానికి అర్థమయ్యేవి రెండే మాటలు. గ్రాండ్‌ఫాదర్, గ్రాండ్‌మదర్.

"మమ్మల్నిద్దర్నీ ఏటనీసి తిడతన్నావే ఆళ్ళ దగ్గిర?"

"తిట్టడం నేదు. నీకు అర్తమైపోతే గొప్పొచ్చేస్తాది. అందుకే సెప్పను."

"సెప్పకు. నాకేటి అవసరం?" అంది రత్నం, రెండో ప్రశ్న వెతుక్కుంటూ. మనసులో మాత్రం ఒక్కటే లెక్క నడుస్తోంది. బుధ, గురు, శుక్ర. ఆ తరవాత శనివారం.

ఆ పిల్ల గెలవకూడదని రత్నం ఎన్నడూ కోరుకోలేదు. ఇంటర్వ్యూలో గెలవాలి, అందరూ మెచ్చుకోవాలి. కానీ వెళ్ళకూడదు. ఆ రెండూ ఎలా కుదురుతాయో ఆమెకి తెలీదు.

తొమ్మిదింటికి కొడుకు, ప్రమోద తండ్రి కోటిబాబు పప్పుల కొట్లో పనికి వెళ్ళాడు. ప్రమోద రెండో అంతస్తు ముసలాయనకి బీపీ చూడ్డానికి కిందికి దిగింది. వీధిలో సగం ఇళ్ళకి ఇప్పుడు ఆ పిల్లే దిక్కు. ఇంట్లో రత్నం ఒక్కతే ఉండగా ఫోను మోగింది.

ఆ వీధిలో మనవాళ్ళందరికీ రెండేసి పేర్లు. కాగితాల మీద బర్మా పేరు, ఇంట్లో తెలుగు పేరు. ప్రమోద కాగితాల్లో మ ఖిన్ సాండా. తెలిసినవాళ్ళెవరూ ఆ పేరుతో పిలవరు. అందుకే ఈ ఏడాది ఊరేగింపుల మీద తుపాకులు పేలి, జాబితాలు పట్టుకుని పిల్లల్ని ఎత్తుకుపోవడం మొదలైనప్పటి నుంచి ప్రతి ఇంట్లోనూ ఒక కట్టడి వచ్చింది. ఎవరైనా కాగితం పేరుతో అడిగితే, ఆ పేరుగలవాళ్ళు ఇక్కడ లేరని చెప్పాలి. ఏమీ అడక్కూడదు, ఏమీ వినకూడదు. చెప్పి పెట్టెయ్యాలి.

"మ ఖిన్ సాండా?" అంది అవతలి గొంతు. మగ గొంతు.

లేదని బర్మా మాటలో చెప్పి పెట్టేసింది రత్నం. పెట్టేస్తూ, "ఎవురో ఏటో, నా తల్లీ" అని పైకే అనుకుంది.

రెండు నిమిషాలకి మళ్ళీ మోగింది.

"అమ్మా, మీరు తెలుగువారా?" అంది అదే గొంతు, ఈసారి తెలుగులో. "ఇందాక పెట్టేస్తూ తెలుగులో అన్నారు, విన్నాను. నా పేరు చంద్రరావండి. విశాఖపట్నంలో కాలేజీ ఆఫీసు నుంచి. ఖిన్ సాండా అనే అమ్మాయి ఫారంలో ఈ నంబరు రాసింది. మెయిలు పంపితే జవాబు లేదు. అమ్మాయి ఉందాండి?"

రత్నం రిసీవరు పట్టుకుని నిలబడిపోయింది. పేరు చెప్పుకుని మర్యాదగా మాట్లాడుతున్న తెలుగు. సముద్రం అవతలి నుంచి. ఇందులో తుపాకీ లేదు, జాబితా లేదు. అంతా తెలిసింది. తెలిసే నోరు తెరిచింది.

"ఆ పేరుగల పిల్ల ఈ ఇంట్లో నేదు బాబూ."

"అలాగాండి. నంబరు తప్పు రాసుంటుంది," అన్నాడు చంద్రరావు. "మీ వాళ్ళల్లో ఎవరికైనా తెలిస్తే కాస్త చెప్పండమ్మా. ఇంటర్వ్యూ శనివారం కాదు, శుక్రవారానికి మారింది. మా టైము పదింటికి, మీకు పదకొండవుతుంది. రేపటిలోగా జవాబు రాకపోతే పేరు తీసేస్తారు. పాపం, అంత దూరం నుంచి పెట్టుకుంది కదా అని చేశాను. నా నంబరు రాసుకుంటారా?"

రత్నం రాసుకుంది. ఎందుకు రాసిందో ఆమెకే తెలీదు. జీవితమంతా ఎవరేం చెప్పినా రాసుకునే అలవాటు. రాసిన కాగితం మడిచి అచ్చయ్య ఫొటో వెనక దోపింది. మొదటిసారి లేదన్నది భయం. రెండోసారి అన్నది తనే. ఆ తేడా తెలియనంత అమాయకురాలు కాదు రత్నం.

ఆ రోజు గోంగూర పచ్చడిలో ఉప్పు రెండుసార్లు పడింది.

రత్నానికి పదేళ్ళప్పుడు, ఇండియా వాళ్ళందరూ తిరిగి వెళ్ళిపోయిన రోజుల్లో, వాళ్ళింట్లో ఇద్దరికే కాగితాలొచ్చాయి. నాన్నకీ అక్క అమ్ములుకీ. అమ్మా రత్నమూ తరవాతి ఓడకి రావాలని అనుకున్నారు. బోటాటౌంగ్ రేవులో ఓడెక్కే చెక్క మీద నిలబడి అక్క "రత్నం, రత్నం" అని పిలిచింది. రత్నం బియ్యం బస్తాల వెనక నక్కి కూర్చుని పలకలేదు. తను పలక్కపోతే అక్క వెతకడానికి దిగుతుందనీ, అంతదాకా ఓడ ఆగుతుందనీ ఆ పిల్ల లెక్క. ఓడ ఆగలేదు. తరవాతి ఓడకి వాళ్ళకి కాగితాలు రాలేదు. అక్క వదిలేసిన పలక మీద రత్నం తెలుగక్షరాలు ఒక్కతే దిద్దుకుంది, అక్క ఉత్తరాలు చదవడానికి. విశాఖపట్నం నుంచి మూడేళ్ళు ఉత్తరాలొచ్చాయి. తరవాత రాలేదు. చదవడం మాత్రం మిగిలింది. పచారీ పొట్లాల కాగితాల నుంచి గుళ్ళో చినిగిపోయిన పుస్తకాల దాకా దొరికిందల్లా చదివింది. ఏ కథలోనూ ఆ రేవు ఎదురుకాలేదు. మళ్ళీ బోటాటౌంగ్ వైపు అడుగూ పెట్టలేదు.

గురువారమంతా ఆమె చెబుదామనుకుంటూనే ఉంది. ప్రమోద శనివారం కట్టుకోవాల్సిన తెల్ల జాకెట్టూ బర్మా లుంగీ ఇస్త్రీ చేసుకుంది. "శనివారం సీకటితోనే లేపు మామ్మా" అంది. "అలాగే" అంది రత్నం. అన్న ప్రతిసారీ నోరు చేదయింది.

ఆ సాయంత్రం దీపం పెట్టాక ప్రమోద పుస్తకం తీసుకురాలేదు. రత్నం ఎదురుగా నేల మీద కూర్చుంది. కోటిబాబు అప్పుడే వచ్చి, కాళ్ళు కడుక్కుని టీ తాగుతున్నాడు.

"మామ్మా, ఇంగ్లీసు సాలు. అక్కడ రోగులందరూ తెలుగోళ్ళేనట. తెలుగులో కూడా అడుగుతారట. నా తెలుగు ఇంటే నవ్వుతారేమో, సరిసెయ్యి."

"నీ తెలుగుకేటి తక్కువ?" అన్నాడు కోటిబాబు. "సగం బర్మా, సగం ఇంగ్లీసు. మిగిలింది తెలుగే కదేటి?"

"నాన్నా, నువ్వు టీ తాగు. మామ్మా, అడుగు. డాక్టరు కాకుండా ఇదెందుకు అని."

రత్నం అడిగింది. ఇన్నాళ్ళూ ఇంగ్లీషులో అడిగిన ప్రశ్నే. మొదటిసారి దాని అర్థం నోటికి తగిలింది.

ప్రమోద మాటలు వెతుక్కుంటూ మొదలుపెట్టింది. "మా తాతకి రోగమొచ్చినప్పుడు ఆస్పత్రిలో మంచాల్నేవు. మాకు తెలిసిన డాక్టరు ఉన్నాడు. కానీ రానేడు. సమ్మె సేసినాడని ఆయన్ని పట్టుకోడానికి సైన్యమోళ్ళు ఎతుకుతున్నారు. ఎక్కడో దాక్కోని ఫోన్లో సెప్పేవోడు. ఆయనకి సదువున్నాది. సేతుల్నేవు. అంటే, ఇక్కడ నేవు." ఆగి అడిగింది. "ఒకటి, రెండు అని ఏళ్ళు మడుస్తాం సూడు, దాన్నేటంటారు మామ్మా?"

"నెక్కెట్టడం."

"ఆఁ. మా మామ్మ తాత పక్కన కూకోని, గోడ గడియారం సూసుకోని, నిమిసానికి ఊపిరి ఎన్నిసార్లు తీసినాడో నెక్కెట్టినాది. కేలండరు ఎనక రాసినాది. గంటగంటకీ. నాను అది డాక్టరుకి సెప్పేదాన్ని. ఆయన అనేవోడు, మీ మామ్మ సూసినట్టు మా వార్డులో నర్సులు కూడా సూడరు అని. నాను ఆక్సిజన్ కోసం లైన్లో ఉన్నాను. రెండ్రోజులు. సిలిండరు తెచ్చేసరికి..." ప్రమోద గోడ గడియారం వైపు చూసింది. "ఆ కాయితం మీద నలబై రెండు అని రాసున్నాది. దాని కింద ఏటీ నేదు. మా మామ్మ సదువుకోనేదు, భయస్తురాలు. కానీ సెయ్యి వొదిలి లెగనేదు. డాక్టరుకీ మంచానికీ మద్దెన ఒక మనిషి కావాలి. మా ఇంట్లో అది మా మామ్మ. నాను అలాటిదాన్ని అవుదామని. అంతే." ఆమె తల ఎత్తింది. "ఎలాగున్నాది? తప్పులెన్ని?"

కోటిబాబు టీ గ్లాసు కింద పెట్టి వరండాలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఎనిమిదయింది. వీధిలో అక్కడో ఇంట్లో ఇక్కడో ఇంట్లో పళ్ళేల మీద గరిటెలతో కొడుతున్నారు. మొదట్లో వీధి వీధంతా కొట్టేవారు. దుష్టశక్తి పారిపోవాలని. ఇప్పుడు భయపడుతూ నాలుగిళ్ళు.

"ఎందుకేడుస్తున్నావు మామ్మా? అంత తప్పుగా సెప్పినానా?"

రత్నం లేచి అచ్చయ్య ఫొటో వెనక చెయ్యి పెట్టి కాగితం లాగింది. దాంతోపాటు పాత కేలండరు కాగితం కూడా జారి నేల మీద పడింది.

"ఇంటర్వ్యూ శనివారం కాదు," అంది రత్నం. "రేపు."

ఆ తరవాత చెప్పాల్సిందంతా చెప్పింది. మొదటి ఫోనూ, రెండో ఫోనూ. తెలిసే చెప్పాననీ.

ప్రమోద కాగితం అందుకుని ఆ నంబరు వైపే చూసింది. కేకలేస్తే బావుండుననిపించింది రత్నానికి.

"రెండోసారి తెలుగులో సెప్పినాడా?"

"ఊఁ."

"విశాపట్నం అని సెప్పినాడా?"

"సెప్పినాడు."

"అయినా నేదన్నావా? నన్ను?" ప్రమోద లేచి నిలబడింది. "పట్టుకుపోడానికి వొచ్చినోళ్ళకి నేదని సెప్పమన్నాము మామ్మా. నన్ను దాయడానికి. నువ్వు నన్ను దాయనేదు. తీసేసినావు."

"అమ్మా, ఏటి సేసినావే," అన్నాడు కోటిబాబు గుమ్మంలో నిలబడి. కోపం కూడా లేదు ఆ గొంతులో. వెంటనే ఫోను తీసి ఆ నంబరు తిప్పాడు. ఇండియా లైను కలవలేదు. మళ్ళీ తిప్పాడు. కర్ఫ్యూ వేళయింది, బోటాటౌంగ్ వెళ్ళడానికి లేదు. రాత్రిళ్ళు ఊరంతటికీ ఆపేస్తారు కాబట్టి తెల్లారి తొమ్మిదిదాకా సూసూ వాళ్ళింట్లో కూడా నెట్టు రాదు.

"ఎందుకు సేసినావో అది సెప్పు," అంది ప్రమోద. "తిట్టను. సెప్పు."

"మీ తాత ఎల్లిపోనాడు. నువ్వూ ఎల్తే, పొద్దున్న ఆ గంట మోగితే తాడు లాగడానికి నాకేటి పని?" రత్నం చీర కొంగు వేళ్ళకి చుట్టుకుంది. "ఆ ఊరు మా యక్కని మింగేసినాది. ఎల్లొస్తామన్నోళ్ళు ఒక్కరూ రానేదు. నేదంటే ఆగిపోతావనుకున్నాను. పదేళ్ళప్పుడూ అలాగే అనుకున్నాను." ఆమె బస్తాల సంగతి చెప్పింది. అచ్చయ్యకి కూడా చెప్పని సంగతి. అక్క పిలుస్తోంటే పలక్కుండా కూర్చున్న సంగతి.

ప్రమోద వంగి కింద పడ్డ కేలండరు కాగితం తీసి, మడతలు సవరించి, జాగ్రత్తగా ఫొటో వెనక పెట్టింది. ఆ రాత్రి ఆమె అన్నం తినలేదు. కానీ పడుకోబోయే ముందు గుమ్మం దగ్గర ఆగింది.

"రేపు నువ్వూ రావాలి. నేదని సెప్పింది నువ్వు. ఉన్నానని నువ్వే సెప్పాల."

పొద్దున్న ఎనిమిదింటికి రత్నం నాలుగంతస్తుల మెట్లూ దిగింది. సైకిలు రిక్షాలో మనవరాలి పక్కన కూర్చుంది. రెండు చోట్ల సైనికులు ఆపారు. ఒకడు సంచీ విప్పి ఇస్త్రీ జాకెట్టు తిరగేసి చూశాడు. "మా అబ్వాని డాక్టరుకి చూపించడానికి," అంది ప్రమోద బర్మా మాటలో, తడుముకోకుండా. అబ్వా అంటే వాళ్ళ మాటలో అవ్వ. రత్నం రోగిష్టి మొహం పెట్టింది. దానికి కష్టపడనక్కర్లేకపోయింది.

సూసూ వాళ్ళ ఇల్లు మూడో అంతస్తు. కిటికీలోంచి నది కనిపిస్తోంది, రేవు కనిపిస్తోంది. రత్నం కిటికీకి వీపు పెట్టి కూర్చుంది. పదింటికి లైను కలిసింది. ప్రమోద ఫోను ఆమె చేతికిచ్చింది.

"బాబూ, చంద్రరావు గారా? నాను రంగూను నుంచి. బుధవారం నేదని సెప్పిన ముసల్దాన్ని." ఫోను రెండు చేతులా పట్టుకుంది. "నాను అబద్దమాడినాను. ఆ పిల్ల ఉన్నాది. మా ఇంట్లోనే ఉన్నాది. నా మనవరాలే. తప్పు నాది, పిల్లది కాదు."

"పేరు తీసేశారమ్మా నిన్న సాయంత్రం," అన్నాడు చంద్రరావు. రత్నం కళ్ళు మూసుకుంది. ప్రమోద ఆమె భుజం మీద చెయ్యి వేసింది. "ఉండండి. లోపలికెళ్ళి అడిగొస్తాను. పెట్టెయ్యకండి. ఈసారైనా."

పెట్టెయ్యలేదు. ఫోను చెవికి నొక్కుకునే కూర్చుంది. చాలాసేపటికి ఆ గొంతు తిరిగొచ్చింది. "అందరి తరవాత చివర్న పిలుస్తారట. ఎంతసేపైనా లైన్లో ఉండమనండి."

పన్నెండున్నరకి కంప్యూటర్లో పిలుపొచ్చింది. ప్రమోద గదిలోకి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. రత్నం తలుపు బయట పీట మీద కూర్చుంది. లోపల్నుంచి ఒక ఆడ గొంతు ఇంగ్లీషులో మొదటి ప్రశ్న అడిగింది. వై డు యు వాంట్. రత్నం పెదవులు వాటంతటవే కదిలాయి. నాట్ ఎ డాక్టర్ అన్న చోట తను చదివేటప్పుడు ఆగినట్టే ఆవిడా ఆగింది.

జవాబులో గ్రాండ్‌ఫాదర్ వచ్చాడు, గ్రాండ్‌మదర్ వచ్చింది. ఇప్పుడు మధ్యనున్న మాటలన్నీ తెలుసు రత్నానికి.

తరవాత తెలుగు మొదలైంది. ఒక పెద్దాయన గొంతు. "ఇంత దూరం వస్తానంటున్నావు. ఇంట్లో ఎవరూ వద్దనలేదా అమ్మా?"

రత్నం పీట అంచు పట్టుకుంది.

"వొద్దన్నాదండి మా మామ్మ. ఇప్పుడు తలుపవతల కూకోనున్నాది. మెట్లు దిగనేదు నెల్రోజులై. ఇయాల నాకోసం దిగినాది."

లోపల ఎవరో చిన్నగా నవ్వారు. "ఆవిడ్ని చూడొచ్చా?"

రత్నం లేచి నిలబడింది. ఎదురుగా కిటికీలో నది. రేవులో ఒక పడవ సామాను దించుతోంది. బస్తాలు దొంతరలుగా పేర్చి ఉన్నాయి, వాటి నీడ నేల మీద పడి ఉంది. ఆ నీడలో కూర్చోవడానికి ఎంత చోటు పడుతుందో ఆమెకి తెలుసు.

"మామ్మా," అని పిలిచింది ప్రమోద లోపల్నుంచి. "మామ్మా?"

"ఉన్నానమ్మా," అంది రత్నం, బయట రేవుదాకా వినిపించేటంత గట్టిగా. "ఇక్కడే ఉన్నాను, వొస్తన్నాను." కొంగుతో కళ్ళు తుడుచుకుని తలుపు తోసింది.